ఒక నొక్కు అటూ ఇటూ

నమోదు 1. లోయపేట, 31వ ఏడు, 203వ రోజు

వాలు సంఘం పెద్దలకు. నా పేరు కోరాడ పైడమ్మ. వయసు డెబ్బై నాలుగు, భూమి లెక్కలో. పని, పలక మనిషి. చదువు లేదు. నేను చెబుతుంటే ఈ నమోదు డబ్బా అచ్చు తెలుగులోకి దిద్దుకుని రాసుకుంటుంది. మనుషులు ఆడిన మాటలు మాత్రం ఆడినట్టే ఉంచమన్నాను. వాటిని దిద్దితే ఎవరు ఎవర్ని తిట్టారో తెలియకుండా పోతుంది.

నిన్న మీ నోటీసు అందింది. "వయోభారం చేత చెయ్యి వణుకుతున్నందున పలకను కొలతల అధికారిణికి అప్పగించి విశ్రాంతి గదులకు వెళ్ళవలెను" అని ఉంది. నా చెయ్యి వణకదు. వణికింది నోటీసు తెచ్చిన మనిషి చెయ్యి. తలుపు తీయగానే నా మొహం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ చందమామ మీద బరువు తక్కువ కదా, ఆ రెండడుగులకే వీధి చివర తేలాడు.

కాబట్టి ఫిర్యాదు వేస్తున్నాను. విచారణ 223వ రోజున అన్నారు. అది తేలేదాకా పలక మనిషి మాటే చెల్లుతుందని మీ నిబంధనల్లోనే ఉంది. బండిలో ఇరవై రెండు మందిని ఎక్కించవచ్చని నేను ముందే చెప్పి ఉన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

మీలో సగం మంది పైన అంచుపేటలో ఎండలో కూర్చుంటారు, పలకను చూసి ఎరగరు. అందుకని చెబుతున్నాను. వాలుబండి అంచు నుంచి లోయలోకి దిగుతుంటే దాన్ని ఆపేవి రెండు బ్రేకు దిమ్మలు. ఆ దిమ్మ ఇనప పట్టీని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడడం నా పని. అదే పట్టీ ముక్క నా పలక. దాని మీద దిమ్మ పెడతాను. చేతిచక్రం తిప్పుతూ పలకను ఒక పక్క లేపుతాను. చక్రం ఒక్కో నొక్కు దాటినప్పుడల్లా టక్కుమంటుంది. ఎన్నో నొక్కుకు దిమ్మ జారితే దాని పట్టు అంత. పట్టు ఎంతుంటే బండిలో అంతమంది. భూమి మీదైనా ఇక్కడైనా ఆ నొక్కు మారదు. మనతో పాటు వచ్చి కూడా బరువు కోల్పోనిది అదొక్కటేనని మా ఆయన సూరన్న అనేవాడు.

ఒక్కసారి జారితే నేను నమ్మను. పదిసార్లు పెడతాను. ఈ వారం దిమ్మ యాభై దగ్గర, ఒకసారి నలభై తొమ్మిది దగ్గర, ఒకసారి యాభై ఒకటి దగ్గర జారింది. కాబట్టి నేను చెప్పే మాట "యాభై, ఒక నొక్కు అటూ ఇటూ." మీ గుమస్తా యాభై అని రాసుకుని మిగతాది వదిలేస్తాడు. ముప్పై ఏళ్ళుగా వదిలేస్తూనే ఉన్నాడు.

ఇంకొకటి. దిమ్మ పెట్టాక, చక్రం తిప్పే ముందు, బండి ఎక్కేవాళ్ళందరి పేర్లూ చెబుతాను. లోయపేటలో మొదట ముప్పై ఎనిమిది మందిమి. ఎవరి కోసం కొలుస్తున్నామో నోటితో అంటే చెయ్యి తొందరపడదని సూరన్న పెట్టిన పద్ధతి. పుట్టిన బిడ్డ పేరు అయిదో రోజున తెచ్చి నాకు అప్పగిస్తారు. ఇప్పుడు అయిదు వందల పన్నెండు. అన్నీ చెప్పడానికి పావుగంట పడుతుంది. ఒక్కటి మరిచిపోయినా తల్లులు నన్ను బతకనివ్వరు.

మీ ఫిర్యాదు ఏమిటంటే, బండి పోయిన నెల ఆగాల్సిన గీత దాటి మూడు బారలు జారింది. గీత నుంచి లోయ అడుగున ఉన్న గోడకు పద్నాలుగు బారలు. మూడుకే నోటీసు పంపారు. సరే, చూద్దాం.

నమోదు 2. 205వ రోజు

కొలతల అధికారిణి శాంతకుమారి పైనుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చలికి రెండు దుప్పట్లు చుట్టుకుని, సంకలో కొలత పనిముట్ల పెట్టె.

"మామ్మగారూ, నేను మీ మీదికి రాలేదండి. దిమ్మ సంగతి చూడ్డానికి వచ్చాను."

"దిమ్మ నాది. కూకో. టీ తాగుతావేటి?"

"ముందు కొలిచేస్తాను."

"ఓలమ్మో, అంత తొందరేటి? దిమ్మేటి పారిపోతాదా?"

నేను టీ పొయ్యి మీద పెట్టాను. అది మరిగేలోపు ఆమె పది కొలతలూ అయిందనిపించింది. దిమ్మ పెట్టడం, తిప్పడం. పెట్టడం, తిప్పడం. పొయ్యి దగ్గర నుంచే టక్కు టక్కులు లెక్కపెట్టాను. నలభై నాలుగు, నలభై మూడు, నలభై నాలుగు, నలభై అయిదు.

"నలభై నాలుగు మామ్మగారూ. ఒక నొక్కు అటూ ఇటూ."

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ మాట ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు.

"అటూ ఇటూ అనడం నీకెవులు నేర్పినారు?"

"చదువులో ఉంటుందండి. మీకెవరు నేర్పారు?"

"దిమ్మ."

తరవాత నేను కూర్చున్నాను. పది కొలతలకు రెండున్నర గంటలు పట్టింది. ఆమె మూడు టీలు తాగి, పేర్లు వింటూ ఒక కునుకు కూడా తీసింది. యాభై, ఒకటి అటూ ఇటూ.

"నా పేరు రాలేదేం మామ్మగారూ?" అంది లేస్తూ.

"నువ్వు పైదానివి. నా లెక్కలో నేవు."

అలా అన్నానే గాని నాకు నిద్ర పట్టేట్టు లేదు. నాది ఎంత కిందికి చాపినా నలభై తొమ్మిదికి దిగదు. ఆమెది ఎంత పైకి చాపినా నలభై అయిదు దాటదు. మధ్యలో మూడు నొక్కులు ఎవరివీ కాకుండా ఉన్నాయి. చెయ్యి వణికితే కొలతలు చెల్లాచెదరవుతాయి. ఇవి చెదరలేదు. నావి నా దగ్గర, ఆమెవి ఆమె దగ్గర గుమిగూడి కూర్చున్నాయి.

నమోదు 3. 208వ రోజు

మూడు రోజులుగా ఇద్దరం తప్పు వెతుకుతున్నాం. పలక మీద ధూళి ఉందేమోనని తుడిచాం, కడిగాం, ఆరబెట్టాం. నాకు యాభై, ఆమెకు నలభై నాలుగు. చక్రం పళ్ళు అరిగాయేమోనని ఆమె పెట్టెతో చూసింది, నేను బొటనవేలితో తడిమాను. పళ్ళు బాగున్నాయి. దిమ్మలు మార్చాం. మళ్ళీ అదే.

చివరికి నేనే అన్నాను. "ఇలగవదు. నాను దిమ్మెట్టి పేర్లు సెప్తాను. నువ్వు చక్రం తిప్పు. నీ చేతికైతే వనుకు నేదు కదా."

పేర్లు చెప్పాను. ఆమె తిప్పింది. యాభై. పదిసార్లూ యాభై అటూ ఇటూనే.

పెద్దలారా, వింటున్నారా? మీ అధికారిణి చేత్తోనే నా అంకె వచ్చింది. నా చెయ్యి వణకదని దీంతో తేలింది. ఆమె ఏమీ దాచలేదు, తన పుస్తకంలో అప్పటికప్పుడు రాసుకుంది. రాసింది చదివి వినిపించమన్నాను. "పైడమ్మ గారి చేతిలో లోపం లేదు" అని ఉంది. ఆ పిల్ల మీద నాకు కోపం అక్కడే సగం పోయింది.

"అయితే తేడా ఎక్కడుందంటావు?" అని అడిగాను.

"తెలీదండి. అదే చెయ్యి, అదే దిమ్మ."

"నాకు తెలుసు. నువ్వు ఊరికే తిప్పినావు, నాను పేర్లు సెప్పినాను. మా జనం పేర్లింటే దిమ్మ కరుసుకుంటాది."

"అలా రాయలేను మామ్మగారూ."

"నువ్వు రాయకపోతే మానీ. డబ్బా రాస్తాది."

రాసుకో డబ్బా. లోయపేట జనం పేర్లు వింటే దిమ్మకు ఆరు నొక్కుల పట్టు వస్తుంది. పాతికేళ్ళ కిందట దిమ్మ నలభై ఏడు నిలిచేది, బండికి పందొమ్మిది మంది. జనం పెరిగారు, పేర్లు పెరిగాయి, నొక్కులు పెరిగాయి, ఈ ఏడు ఇరవై రెండు మంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నమోదు 4. 211వ రోజు

బండి మళ్ళీ జారింది. గీత దాటి ఆరు బారలు. నిండుగా ఇరవై రెండు మంది ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సంఘం అధ్యక్షుడు లక్ష్మునాయుడు మా గుమ్మంలోకి వచ్చాడు. ఈయన ఇరవై రెండుకు పెంచిన రోజున నాకు శాలువా కప్పిన మనిషి.

"పైడమ్మా, నువ్వు ఫిర్యాదు ఎనక్కి తీసుకుంటే పలక శాంతకుమారికి పోద్ది, గొడవ తీరిపోద్ది. నాకేటి, అంకె ఎవులు సెప్పినా ఒకటే. ఒక్క అంకె ఉండాల."

"ఒక్కటి ఉండదు బావూ. అటూ ఇటూ ఉంటాది."

"అదే కదా తలనొప్పి! కచ్చితంగా సెప్పలేనోలు కొలవడం ఎందుకు?"

"కచ్చితంగా ఎంత తెలీదో సెప్తన్నాను కదా!"

అక్కడి నుంచి అరుపులు మొదలయ్యాయి. ఆయన అరిచింది తక్కువ. నేను అరిచింది గాలి గొట్టాలన్నిటిలోంచీ పోయి మంచు తవ్వేవాళ్ళకు కూడా వినపడిందట. ఆయన వెళ్ళేటప్పుడు "ఆరోగ్యం సూసుకో అప్పా" అన్నాడు. సొంత అక్కను పిలిచినట్టు ఆ అప్పా ఏమిటని ఇంకా కోపం వచ్చింది.

నమోదు 5. 215వ రోజు

గొంతు పట్టేసింది. ఇవాళ చెప్పడానికి ఏమీ లేదు.

నమోదు 6. 217వ రోజు

215న ఏమీ లేదని చెప్పాను. అది అబద్ధం. చెరపకు డబ్బా, ఉండనీ. దాని పక్కన ఇది రాయి.

ఆ రోజు గొంతు లేక పేర్లు మనసులోనే చెప్పుకున్నాను. దిమ్మ యాభైకి జారింది. మనసులో మాట కూడా దిమ్మకు వినపడుతుందని మురిసిపోయాను. కాసేపటికి నాకే అనుమానం వచ్చింది. మనసులో మాటే వినపడేట్టయితే, వేరే మాట అనుకుంటే ఏమవుతుంది? దిమ్మ పెట్టి, పేర్లకు పట్టే ఆ పావుగంటా లక్ష్మునాయుడిని తిట్టుకున్నాను. ఆయన నడకను, ఆయన శాలువాను, అప్పా అన్న ఆ మాటను, ఒక్కటీ వదల్లేదు. తిట్టడం అయ్యాక చక్రం తిప్పాను.

యాభై.

పేర్లకు పట్టిన దిమ్మ తిట్లకెందుకు పట్టాలి? మళ్ళీ పెట్టాను. ఈసారి ఏమీ అనుకోకుండా గోడ చూస్తూ కూర్చున్నాను. యాభై. ఈసారి దిమ్మ పెట్టగానే శాంతకుమారిలాగా తిప్పేశాను. నలభై నాలుగు. పాత ముప్పై ఎనిమిది పేర్లకు పట్టేంత సేపు ఆగి తిప్పాను. నలభై ఏడు. ఒక్కోటీ పదేసి సార్లు చేశాను. ప్రతిదానికీ అటూ ఇటూ ఒక్క నొక్కే. దాక్కోవడానికి చోటు దొరకలేదు.

పేర్లు కాదు. ఆలస్యం. దిమ్మ పట్టీ మీద ఎంతసేపు కూర్చుంటే అంత అతుక్కుంటుంది. ఊళ్ళో బిడ్డ పుట్టినప్పుడల్లా నేను ఇంకొంచెం ఆగాను, దిమ్మ ఇంకొంచెం అతుక్కుంది. నేను దాన్ని పట్టు అనుకున్నాను. దారిలో బ్రేకు పడేటప్పుడు దిమ్మకు పావుగంట ఎవరిస్తారు? బండికి దక్కేది నలభై నాలుగే.

ఇది తెలిసిన వేళకు శాంతకుమారి పైకి పోయి ఉంది. నా ఒక్కదానికే తెలుసు. పేర్లు చెప్పి కొలవాలన్నది రాసిపెట్టిన నిబంధన. ఆమె పేర్లు చెప్పలేదు కాబట్టి విచారణలో ఆమె అంకె చెల్లదని నేను వాదించవచ్చు. గెలుస్తాను కూడా. ఆ రాత్రంతా, తెల్లారి సగం రోజూ ఆ వాదననే నోట్లో నానబెట్టుకుని కూర్చున్నాను.

నిన్న మధ్యాహ్నం బండి పదకొండు బారలు జారింది. గోడకు మూడు బారలు. లోపల శాంతకుమారి ఉంది. నా దగ్గరికే వస్తోంది. నుదురు చువ్వకు కొట్టుకుని ఇంత బొప్పి కట్టింది. నేను పరిగెత్తాను. ఇక్కడ పరిగెడితే ఆగడం కష్టం, పోయి ఆమె మీదే పడ్డాను.

"మామ్మగారూ, మీకేం కాలేదు కదా?" అంది ఆ పిల్ల. నన్ను అడిగింది!

అక్కడే, బండి మెట్ల మీద, అందరి ముందూ చెప్పాను. "తప్పు నాది. బండి ఆపీండి. పదహారు మందికి మించి ఎక్కితే కాళ్ళిరగ్గొడతాను." పలక మనిషి మాట కాబట్టి అప్పటికప్పుడే అమలైంది.

పదహారు ఎలా వచ్చిందంటే, నలభై నాలుగుకు పదిహేడు మంది. శాంతకుమారి ఆ మెట్ల మీదే తలకు పట్టీ వేయించుకుంటూ లెక్క కట్టి చెప్పింది. అటూ ఇటూలో తక్కువ వైపు నలభై మూడు పట్టుకుంటే పదహారు.

నమోదు 7. 219వ రోజు

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. అందులో మాట మారుస్తున్నాను. నా చెయ్యి వణికిందన్నది తప్పు. నా అంకె తప్పన్నది నిజం. ఒక రోజు నోరు మూసుకున్నానన్నది కూడా నిజం. మూడూ విడివిడిగా రాయాలి. కలిపి రాస్తే ఒప్పుకోను.

శాంతకుమారి ఇవాళంతా నా దగ్గరే ఉంది. ఆలస్యం ఎంత, నొక్కులు ఎన్ని అని తన పుస్తకంలో గీత గీసి చూపించింది. నాకు అక్షరం రాదు గాని గీత అర్థమైంది. మొదట నిలువుగా ఎక్కి, తరవాత ముసలిదాని నడకలా ఉంది.

"ముప్పయ్యేళ్ళు ఇది నాకు కనపడనేదే," అన్నాను.

"కనపడదండి. పదిసార్లు కాదు, వందసార్లు పెట్టినా కనపడదు. ప్రతిసారీ ఒకేలా తప్పు చేస్తే కొలతలు చెదరవు. అటూ ఇటూ చిన్నగానే ఉంటుంది. మీరు మరీ శ్రద్ధగా చేశారు."

"తిడతన్నావా, మెచ్చుకుంటన్నావా?"

"రెండూనండి."

"అయితే పేర్లు మానీమంతావు."

ఆమె తల ఎత్తి చూసింది. "ఎందుకు మానాలి? ముందు పేర్లు చెప్పండి. అయ్యాక దిమ్మ పెట్టండి."

ఇంత చిన్న సంగతి. నా బుర్రకు ముప్పై ఏళ్ళలో తట్టలేదు. లేచి వెళ్ళి, ఆమె తాగకుండా వదిలేసిన టీ మళ్ళీ వేడి చేశాను. మొహం అటు తిప్పుకోవడానికి పని ఏదో ఒకటి ఉండాలి కదా. తరవాత పేర్లన్నీ చెప్పాను. చివర అయిదు వందల పదమూడోది చెప్పి దిమ్మ పెట్టాను. ఆమె విన్నది. బొప్పి తడుముకుంటున్నట్టు నటించింది.

నమోదు 8. అంచుపేట, 223వ రోజు

విచారణ అయింది. ఇది చివరి నమోదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. లక్ష్మునాయుడు ముక్కు మీద వేలేసుకున్నాడు.

"అయితే ముప్పయ్యేళ్ళూ తప్పేనా పైడమ్మా?"

"మొదట్లో మూడు నొక్కులు తప్పు బావూ. ఇప్పుడు ఆరు. పెరిగింది."

శాంతకుమారి లేచి, నా అటూ ఇటూ తన అటూ ఇటూతో సమానమని, అంత నికరమైన చెయ్యి తను చూడలేదని చెప్పింది. నోటీసులో వణుకు మాట కొట్టేశారు. ఇక మీదట తక్కువ వైపు అంకె మీదే మందిని ఎక్కించాలని ఒప్పుకున్నారు. పేర్లు ముందు, దిమ్మ తరవాత అని నిబంధన దిద్దారు. పలక శాంతకుమారికి. నాకు విశ్రాంతి గదులు. ఒక రోజు దాచినదానికి ఇది తక్కువే. ఇరవై రెండు ప్రాణాలు ఆ పదకొండు బారలు జారాయి. నేను ఎదురు చెప్పలేదు. అధ్యక్షుడి సంతకం మాత్రం కింద లోయపేట పెద్ద పుస్తకంలో పెట్టాలి. పెట్టిన క్షణం నుంచి అమలు.

అందరం బండి దగ్గరికి వచ్చాం. జనం ఎక్కుతున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను. పదహారో మనిషి ఎక్కాక లక్ష్మునాయుడు లోపల కాలు పెట్టాడు.

"దిగు బావూ."

"నానా?"

"పదహారు అయిపోనారు."

"నలబై నాలుక్కి పదిహేడని ఆ పిల్లే కట్టింది కదా!"

"కట్టింది. ఒక నొక్కు అటూ ఇటూ అని కూడా అన్నాది. ఆ ఒక్క నొక్కూ నువ్వే. దిగు."

లోపల ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన మెడ పొడుగ్గా చాపాడు. "నిన్ను తీసీసినాం కదే!"

"తీసీసినారు. సంతకం కింద ఎట్టాల. ఎట్టాలంటే బండెక్కాల. బండెక్కాలంటే పలక మనిసి ఒప్పుకోవాల. పలక మనిసి ఇంకా నానే."

ఆయన శాంతకుమారి వైపు చూశాడు. ఆమె తన పుస్తకంలో ఏదో చాలా ముఖ్యమైనది వెతుక్కుంటోంది. ఆయన కాలు వెనక్కి తీశాడు. నేను తలుపు వేసి గొళ్ళెం పెట్టాను. బండి కదిలింది.

తరవాతి బండికి రెండు గంటలు. ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. నా ఫ్లాస్కులో టీ ఉంటే ముందు ఆయనకే పోశాను. కాసేపటికి కింద నుంచి కబురు వచ్చింది. బండి గీతకు అర బార ముందే ఆగిందట.

లక్ష్మునాయుడు కప్పు దించి నా వైపు చాపాడు.

"ఇంకొంచెం ఉందేటి అప్పా?"